లెక్కలో మన పేరు: హామ్‌ట్రామిక్ నగరం చెప్పే పాఠం

(జనగణనపై అవగాహన కోసం మా పట్టణ షాదీఖానాలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పైమూడేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. దరఖాస్తులు, రిజిస్టర్లు, గడులు నింపిన కాగితాలు, ఇవే నా జీవితం. 1991, 2001, 2011 జనగణనలు మూడింటిలోనూ చార్జి కార్యాలయంలో కూర్చుని కట్టలకొద్దీ ఫారాలు సరిచూశాను. ఆ అనుభవం కారణంగానే నన్ను ఈ రోజు మాట్లాడమన్నారని అనుకుంటున్నాను. అందుచేత ఒక తప్పు ఒప్పుకోవడంతోనే నా మాట మొదలుపెడతాను.

ఇరవై ఏళ్ళకు పైబడిన మాట. దూది ఏకే కుటుంబానికి చెందిన ఒక అమ్మాయి ఉపాధ్యాయ శిక్షణలో సీటు కోసం కుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టుకుంది. పరుపులు కుట్టి బతికే తండ్రి ఆమెను ఇంటర్మీడియట్ దాకా చదివించాడు. దరఖాస్తులో కులమన్న చోట ఆమె ‘ముస్లిం’ అని రాసింది. బడి రిజిస్టరులోనూ అదే ఉంది. వెనుకబడిన తరగతుల జాబితాలో ‘దూదేకుల’ ఉంది, ‘నూర్‌బాషా’ ఉంది, ‘పింజారి’ ఉంది, ‘లద్దాఫ్’ ఉంది. ‘ముస్లిం’ అనే కులం లేదు. పేర్కొన్న కులము జాబితాలో లేదు అని అంచున ఒక వాక్యం రాసి దరఖాస్తు తిప్పి పంపారు. ఆ వాక్యం రాసిన గుమాస్తాను నేనే. ఆ తండ్రి పని నేనెరుగుదును. ఆయన కుట్టిన పరుపు మా ఇంట్లో ఉంది. అయినా కాగితం చెప్పిందే చూశాను, మనిషిని చూడలేదు. బడి రిజిస్టరు సరిచేయించుకుని ఆమె తిరిగి వచ్చేసరికి కౌన్సెలింగ్ గడువు దాటిపోయింది.

నిబంధన ప్రకారం నేను చేసింది తప్పు కాదు. అందుకే నన్నెవరూ అడగలేదు. కాని ఆమె ఉపాధ్యాయురాలు కాలేకపోయింది. కాగితంపై పేరు సరిగా లేని మనిషికి ప్రభుత్వం దృష్టిలో ఉనికి ఎంత పలచనిదో నాకు తెలిసింది ఆ రోజునే. ఆ విషయం మరింత స్పష్టంగా అర్థమైంది మాత్రం చాలా దూరాన, అమెరికాలోని ఒక చిన్న నగరంలో.

ఒక చిన్న నగరం, అనేక జాతులు

మా పెద్దబ్బాయి ఉద్యోగరీత్యా మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్నాడు. అక్కడి మోటారు పరిశ్రమలో, సాఫ్ట్‌వేర్ కంపెనీలలో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. పదవీ విరమణ తరువాత మేము అక్కడికి వెళ్ళినప్పుడు, ఒక శుక్రవారం అతడు నన్ను హామ్‌ట్రామిక్ అనే ఊరికి తీసుకెళ్ళాడు. డెట్రాయిట్ మహానగరం దాదాపు నాలుగు వైపులా చుట్టుకుని ఉండగా నడుమ మిగిలిన చిన్న నగరం అది. విస్తీర్ణం సుమారు అయిదున్నర చదరపు కిలోమీటర్లు. 2020 లెక్కల ప్రకారం జనాభా 28,433. మన దగ్గరైతే దాన్ని నగరమని కూడా అనం.

ఆ ఊరి వీధుల్లో పోలెండు కేథలిక్కులు కట్టుకున్న ఎత్తైన సెయింట్ ఫ్లోరియన్ చర్చి ఉంది. కొద్ది దూరం నడిస్తే మసీదులున్నాయి. ఒక దుకాణంపై పోలిష్ అక్షరాలు, పక్కదానిపై అరబీ, ఎదుటిదానిపై బెంగాలీ. అక్కడి కోనంట్ వీధిలో కొంత భాగానికి 2008లో గౌరవపూర్వకంగా ‘బంగ్లాదేశ్ అవెన్యూ’ అని పేరు పెట్టారు. తలపాగా చుట్టుకున్న యెమెనీ వృద్ధుడు, చీర కట్టుకున్న సిల్హెటీ తల్లి, బోస్నియా నుంచి వచ్చిన నీలికళ్ళ ముస్లిం, తరతరాలుగా అక్కడే ఉన్న నల్లజాతి కుటుంబాలు, పాత పోలిష్ ముదుసళ్ళు అందరూ ఆ అయిదున్నర కిలోమీటర్లలోనే ఉన్నారు.

ఇంతమంది అక్కడికి ఎలా చేరారు? పని కోసం చేరారు. 1910లో ఆ ఊరి జనాభా 3,559. ఆ సంవత్సరమే డాడ్జ్ సోదరులు అక్కడ మోటారు కర్మాగారం నిర్మాణం ప్రారంభించారు. 1920 నాటికి జనాభా 48,615 అయింది. పదేళ్ళలో పదమూడు రెట్లకు పైగా పెరిగిందన్నమాట. వచ్చినవారిలో అత్యధికులు పోలెండు రైతుబిడ్డలు. అంతకుముందున్న జర్మన్ రైతులు కొద్దికాలంలోనే అల్పసంఖ్యాకులైపోయారు. 1930లో జనాభా 56,268కి చేరి, అక్కడి నుంచి తగ్గుముఖం పట్టింది. 1980లో డాడ్జ్ కర్మాగారం మూతపడింది. పోలిష్ కుటుంబాల పిల్లలు శివారు పట్టణాలకు తరలిపోయారు. అద్దెలు తగ్గిన ఆ ఇళ్ళలోకి కొత్తవారు వచ్చారు. మోటారు పరిశ్రమలో పనికోసం యెమెనీలు, 1990 దశకంలో యుద్ధం తరిమితే బోస్నియన్లు, న్యూయార్కు అద్దెలు భరించలేక బంగ్లాదేశీయులు అక్కడ స్థిరపడ్డారు. మన ఊళ్ళలో నూలు మిల్లు వెలిసినప్పుడు, బీడీ కంపెనీ మూతపడినప్పుడు వాడల రూపం మారినట్టే అక్కడా మారింది.

‘శ్వేతజాతి’ అనే గడి

నా గుమాస్తా బుద్ధి ఊరుకోదు కదా! ఇంతమందిని అక్కడి జనగణన ఏ గడుల్లో వేసిందో చూడాలనిపించింది. 2010 లెక్కల ప్రకారం ఆ నగరంలో సుమారు 54 శాతం శ్వేతజాతివారు, 21 శాతానికి పైగా ఆసియన్లు, 19 శాతానికి పైగా నల్లజాతివారు. ఈ అంకెలే చూసినవాడు, అది సగానికి పైగా తెల్లవారున్న ఊరనుకుంటాడు. కాని ఆ 54 శాతంలో పోలెండువారితో పాటు బోస్నియన్లూ ఉన్నారు, యెమెనీలూ ఉన్నారు. అప్పటి అమెరికా జనగణన నిర్వచనం ప్రకారం ఐరోపా, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలవారంతా ‘శ్వేతజాతి’ కిందికే వచ్చేవారు. నమూనా సర్వేలో వంశమూలం అడిగే వేరొక ప్రశ్న ఉన్నా, జాతి గడిలో మాత్రం యెమెనీకి తనదంటూ చోటు లేదు.

ఇందులోని విడ్డూరం చరిత్ర తెలిస్తేగాని పూర్తిగా అర్థం కాదు. అమెరికాలో ఒకప్పుడు పౌరసత్వం పొందాలంటే ‘తెల్లవాడు’ అయి ఉండాలి, లేదా ఆఫ్రికా సంతతివాడు అయి ఉండాలి. 1923లో మన భారతీయుడైన భగత్ సింగ్ థింద్‌ను ఆ దేశపు సుప్రీంకోర్టు తెల్లవాడు కాదని తోసిపుచ్చింది. 1942లో అహ్మద్ హసన్ అనే యెమెనీ ముస్లిం డెట్రాయిట్‌లోని ఫెడరల్ కోర్టులో పౌరసత్వం కోరాడు. అతని దేహచ్ఛాయను, అతని మతసంస్కృతికీ క్రైస్తవ ఐరోపాకూ ఉన్న ఎడాన్నీ కారణాలుగా చూపి, అరబ్బు తెల్లవాడు కాడని న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. రెండేళ్ళు తిరగకముందే మాసచూసెట్స్‌లో మరొక న్యాయమూర్తి, అరబ్బు తెల్లవాడేనన్నాడు. 1952లో ఆ జాతి షరతు చట్టం నుంచి తొలగిపోయింది. హక్కు అడిగినప్పుడు ‘నువ్వు తెల్లవాడివి కావు’ అని గెంటిన యెమెనీనే, తరువాత తలలు లెక్కించేటప్పుడు ‘నువ్వు తెల్లవాడివే’ అని కలిపేసుకున్నారు. రెండుచోట్లా నష్టపోయింది అతడే.

లెక్కలో కలిసిపోతే వచ్చే నష్టమేమిటి అని మీరడగవచ్చు. ఆ ఊరి నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికా ఓటు హక్కుల చట్టంలో 1975లో ఒక నిబంధన చేర్చారు. ఇంగ్లీషు సరిగా రాని పౌరులు ఒక ప్రాంతంలో నిర్ణీత నిష్పత్తికి మించి ఉంటే, బ్యాలెట్ పత్రాన్ని వారి భాషలో కూడా ఇవ్వాలి. కాని ఆ సదుపాయం చట్టం పేర్కొన్న సమూహాలకే వర్తిస్తుంది. స్పానిష్ భాషీయులు, ఆసియన్లు, అమెరికా మూలవాసులు, అలాస్కా మూలవాసులు ఆ జాబితాలో ఉన్నారు. ఆసియన్ గడిలో తమ దేశం పేరు విడిగా రాసుకునే వీలు బంగ్లాదేశీయులకు ఉంది, వారు రాశారు. ఆ లెక్క తేలి, 2011లో హామ్‌ట్రామిక్ నగరం బెంగాలీలో ఎన్నికల సమాచారం, బ్యాలెట్ ఇవ్వవలసిందేనని ఫెడరల్ ప్రభుత్వం ప్రకటించింది. అదే వీధిలో, అదే మసీదులో, అదే వరుసలో భుజానికి భుజం కలిపి నిలబడే యెమెనీకి మాత్రం అరబీ బ్యాలెట్ అడిగే చట్టబద్ధమైన హక్కు లేదు. ఎందుకంటే చట్టం దృష్టిలో అతడు శ్వేతజాతీయుడు, ఏ భాషా అల్పసంఖ్యాక వర్గానికీ చెందడు. పక్కనే ఉన్న డియర్‌బోర్న్ నగరం 2022లో అరబీ బ్యాలెట్ ఇవ్వాలని తీర్మానించుకుంది. అది ఆ నగర కౌన్సిల్ తనంతట తాను చేసిన మేలు. హక్కుకూ మేలుకూ ఎంత తేడా ఉందో ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

అరబ్బు సంఘాలు దశాబ్దాల తరబడి అడుగుతూ వచ్చాయి. 2020 జనగణనలో శ్వేతజాతి గడి కింద మూలం రాసుకోవడానికి ఒక గీత ఇచ్చారు. 2024 మార్చిలో ‘మధ్యప్రాచ్య లేదా ఉత్తర ఆఫ్రికా’ అనే ప్రత్యేక గడిని జాతి ప్రమాణాలలో చేర్చారు. అది ఇంకా జనగణన ఫారం మీదికి రావలసి ఉంది. మన భారతీయులు ఈ దారిలో ముందే నడిచారు. 1970 జనగణనలో అమెరికాలోని భారతీయులను కూడా తెల్లవారిగానే లెక్కవేశారు. వారు పట్టుబట్టి అడిగి, 1980 నాటికి ‘ఏషియన్ ఇండియన్’ అనే ప్రత్యేక గడి సంపాదించుకున్నారు. అడిగినవారికి గడి వచ్చింది. అడగని కాలమంతా లెక్కలో లేనట్టే గడిచిపోయింది.

సంఖ్య పెరిగినంత మాత్రాన

ఈ ఊరి కథలో మనం వినవలసినది ఇంకొకటి ఉంది. 1999 నవంబరు ఎన్నికల్లో ఓటు వేయడానికి వచ్చినవారిలో చర్మం నల్లగా ఉన్నవారిని, అరబ్బు పేరున్నవారిని కొందరు పోలింగ్ కేంద్రాల్లో ఆపి, వారి పౌరసత్వాన్ని ప్రశ్నించారు. కొందరు పాస్‌పోర్టు చూపినా, తాము పౌరులమేనని ప్రమాణం చేస్తేగాని ఓటు వేయనివ్వలేదు. అమెరికా న్యాయశాఖ కోర్టుకెళ్ళింది. పోలింగ్ సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, అరబ్బు, బెంగాలీ మూలాలవారిని ఎన్నికల సిబ్బందిగా నియమించాలని 2000లో నగరం ఒప్పుకోక తప్పలేదు. ఓటరు జాబితాల సవరణ జరిగినప్పుడల్లా మన వాడల్లో కలిగే ఆందోళన మీకు తెలుసు. ఆ భయం అక్కడి మనవాళ్ళకూ కొత్త కాదు.

2004లో ఒక మసీదు లౌడ్‌స్పీకరులో అజాన్ ఇవ్వడానికి అనుమతి కోరింది. కౌన్సిల్ అనుమతించింది. దాన్ని రద్దు చేయాలని కొందరు ప్రజాభిప్రాయ సేకరణ దాకా తీసుకెళ్ళారు. ఊరి ఓటర్లు ఆ రద్దు ప్రతిపాదనను ఓడించారు. ఆనాటికి కౌన్సిల్‌లో ముస్లింలు మెజారిటీ కారు. ముస్లిమేతరులైన పొరుగువారి మద్దతు కూడా ఉండబట్టే అజాన్ నిలిచింది. ఈ మాట మనం మరచిపోకూడదు.

2015 ఎన్నికలతో కౌన్సిల్‌లో ముస్లింలు మెజారిటీ అయ్యారు. 2022 జనవరి నాటికి మేయరు, ఆరుగురు కౌన్సిల్ సభ్యులు, అందరూ ముస్లింలే. దాదాపు నూరేళ్ళుగా పోలిష్ మూలాల మేయర్లే ఉన్న ఊరికి యెమెన్‌లో పుట్టిన అమెర్ గాలిబ్ మేయరయ్యాడు. ఆ కౌన్సిల్‌లో ఇస్లాం స్వీకరించిన పోలిష్ మూలాల మహిళ కూడా ఒకరున్నారు. మనసుకు సంతోషం కలిగించే విషయమే. అయితే 2023లో నగర స్థలాల్లో ఏ జెండాలు ఎగరవచ్చో పరిమితం చేస్తూ ఆ కౌన్సిల్ తీర్మానం చేసింది. స్వలింగ సంపర్కుల హక్కుల జెండాకు కూడా చోటు లేకపోయింది. 2004లో అజాన్ పక్షాన నిలబడిన కొందరు తమను దూరం చేశారని బాధపడ్డారు. ఆ విషయంలో మన ధార్మిక అభిప్రాయం మనకుంది, దాన్ని దాచనక్కరలేదు. కాని పాలించే చేతిలో ఉన్నప్పుడు, తనతో ఏకీభవించని అల్పసంఖ్యాకుడి భయాన్ని కూడా వినే చెవి ఉండాలి. మనం ఇక్కడ కోరుతున్నది అదే కదా!

మెజారిటీ ఏమి చేయగలదో ఆ ఊరి పాత చరిత్ర కూడా చెబుతుంది. పట్టణ పునర్నిర్మాణం పేరిట నల్లజాతివారి ఇళ్ళను కూలగొట్టి, వారిని ఊరి నుంచి పంపించివేయడానికి నగరం ఉద్దేశపూర్వకంగా పూనుకుందని 1971లో న్యాయమూర్తి డేమన్ కీత్ తీర్పు చెప్పాడు. వెళ్ళగొట్టినవారి కోసం కట్టవలసిన ఇళ్ళలో చివరివి 2010 దాకా పూర్తికాలేదు. తీర్పు వచ్చిన ముప్పైతొమ్మిదేళ్ళకు! ఇల్లు కోల్పోయినవారిలో ఎందరో దాన్ని చూడకుండానే పోయి ఉంటారు. అలా చేసినవారు కూడా ఒకప్పుడు ‘పరాయివాళ్ళు’ అని ఎగతాళి పాలైన వలస కూలీల బిడ్డలే.

కాబట్టి లెక్క కోరేది ఎవరినో అణచడానికి కాదు. హుజురాత్ సూరాలోని పదమూడవ ఆయత్ మీ అందరికీ తెలిసినదే. జాతులు, తెగలు ఒకరినొకరు తెలుసుకోవడం కోసం ఉన్నాయని, గొప్పతనం దైవభీతిలోనే ఉందని మన ఉలమాలు దాన్ని మనకు ఎన్నోసార్లు వివరించారు. తెలుసుకోవాలంటే ముందు పేరు చెప్పాలి.

మన దగ్గర ‘ఇస్లాం’ అనే గడి

ఇప్పుడు మన ఊరికి వద్దాం. అమెరికా జనగణనలో మతం అడగరు. మతం చెప్పి తీరాలని నిర్బంధించరాదని అక్కడ 1976లో చట్టమే చేశారు. హామ్‌ట్రామిక్ ముస్లిం మెజారిటీ నగరమన్నది అంచనాయే తప్ప జనగణన లెక్క కాదు. మన దేశంలో మతం గడి బ్రిటిషు కాలం నుంచీ ఉంది. 2011లో దేశంలో ముస్లింలు 17.22 కోట్లు, అంటే 14.2 శాతం అని మనకు తెలుసు. కాని ఆ 17 కోట్లలో ఎవరెవరున్నారో జనగణన చెప్పదు. 1931 తరువాత కులాల లెక్కలు ప్రకటించలేదు. స్వాతంత్ర్యానంతరం షెడ్యూల్డు కులాలు, తెగలనే విడిగా లెక్కించారు. షెడ్యూల్డు కులాల జాబితాలో ముస్లింలకు చోటు లేదు. అందుచేత డెబ్బై ఏళ్ళకు పైగా మనమంతా ఒకే గడిలో ఉన్నాం. అక్కడ యెమెనీని ‘శ్వేతజాతి’ అనే గడి మింగినట్టు, ఇక్కడ దూది ఏకేవాణ్ణి, పాములాడించే గారడీవాణ్ణి, మహలులో పుట్టిన నవాబు వారసుణ్ణి ‘ఇస్లాం’ అనే గడి ఒక్కటి చేసి చూపింది.

ఆ లెక్క లేకపోవడం వల్ల ఏమైందో మన రిజర్వేషన్ల చరిత్రే సాక్ష్యం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టం చేశారు, అదీ నిలవలేదు. ముస్లింలందరినీ ఒకే ముద్దగా వెనుకబడినవారంటే ఎలా, వెనుకబాటును ఏ కొలతతో తేల్చారు అన్నదే ప్రతిసారీ ఎదురైన ప్రశ్న. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా ముస్లింలలోని వెనుకబడిన సమూహాలను పేర్లతో గుర్తించారు. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ముస్లిం చాకలివారు, ఫకీర్లు, గారడీ ముస్లింలు, గోసంగి ముస్లింలు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజాములు, లబ్బీలు, ఖురేషీలు, షేకులు, సిద్దీలు, తురక కాషాలు మొదలైన పద్నాలుగు సమూహాలతో బి.సి. ‘ఇ’ తరగతి ఏర్పడింది, 4 శాతం వచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహరా, ఖోజా, కచ్చీ మెమన్, నవాయత్ వంటివారిని మినహాయించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టివేసింది. సర్వే శాస్త్రీయంగా జరగలేదన్నది అప్పటి ప్రధానమైన ఆక్షేపణలలో ఒకటి. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదనే ఆ 4 శాతం ఈనాటికీ నిలిచి ఉంది. మన పిల్లల ఇంజనీరింగ్ సీట్లు, మెడికల్ సీట్లు ఒక మధ్యంతర ఉత్తర్వు మీద ఆధారపడి ఉన్నాయని మరవకండి. దానికి గట్టి పునాది వేయగలిగినది లెక్క ఒక్కటే.

లెక్క తీస్తే ఏమి తేలుతుందో తెలంగాణ చూపింది. 2024 చివర అక్కడ ఇంటింటి కుల సర్వే జరిగింది. జనాభాలో ముస్లింలు 12.56 శాతం అని తేలింది. అందులో వెనుకబడిన తరగతుల ముస్లింలు 10.08 శాతం, ఇతరులు 2.48 శాతం. అంటే ప్రతి అయిదుగురు ముస్లింలలో నలుగురు వెనుకబడిన తరగతులవారే. మనం నవాబుల వారసులమని ఎగతాళి చేసేవారికి ఇంతకన్న సమాధానం అక్కరలేదు.

ఇక దేశంలో అత్యధిక ప్రాంతాల్లో 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే జనగణనలో కులాన్ని కూడా నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. ఈ అవకాశం తొంభై ఏళ్ళ తరువాత వచ్చింది. చేజారితే మళ్ళీ ఎన్నేళ్ళకో!

‘ఇస్లాంలో కులాలు లేవు కదా, మనం కులం చెప్పడమేమిటి?’ అని అడిగే సోదరులున్నారు. వారి ఆవేదన నిజమైనది. నమాజు వరుసలో కులం లేదు, ఉండకూడదు కూడా. కాని నేను వారిని వినయంగా ఒక్కటి అడుగుతాను. వరుసలో లేని కులం పెళ్ళి సంబంధాల దగ్గర ఎందుకు వస్తోంది? ‘దూదేకుల’ అనే మాటను మనలోనే కొందరు తక్కువగా ఎందుకు పలుకుతున్నారు? తెలుగే ఇంటి భాష అయిన ముస్లింను ‘నువ్వు అసలు ముస్లింవేనా’ అని మనమే ఎందుకు అడుగుతున్నాం? మన మధ్య ఉన్న ఎడాన్ని రూపుమాపవలసింది మన ప్రవర్తనతో. కాగితంపై దాచినంత మాత్రాన అది పోదు. పైగా మతం గడి వేరు, కులం గడి వేరు. మతమన్న చోట అందరం ‘ఇస్లాం’ అనే చెబుతాం. కులం చెప్పడం వల్ల మన మొత్తం సంఖ్య ఒక్కటి కూడా తగ్గదు.

కాబట్టి కార్యకర్తలకు, కుటుంబ పెద్దలకు నా అనుభవంతో కొన్ని మాటలు చెబుతాను.

మొదటిది, కులమన్న చోట ‘ముస్లిం’ అనిగాని, ‘సాయిబు’ అనిగాని చెప్పవద్దు. మీ తాతల వృత్తి ఏమిటో, పాత కాగితాల్లో ఏముందో ముందే చూసుకోండి. ఇంటిల్లిపాది ఒకే పేరు చెప్పండి. తండ్రి ‘దూదేకుల’, కొడుకు ‘షేక్’, మనవడు ‘ముస్లిం’ అయితే ముగ్గురికీ చిక్కే. పేరుకు ముందు ‘షేక్’ ఉన్నంత మాత్రాన కులం అదే కానవసరం లేదు. సయ్యదులు, పఠానులు కూడా తమ పేరే చెప్పాలి, ఇతరుల పేరు చెప్పుకోకూడదు. వారిలోని పేదలకు ఆర్థికంగా బలహీనవర్గాల కోటా ఉంది.

రెండవది, మాతృభాష. 2001లో నేను సరిచూసిన ఒక వీధి ఫారాల్లో అందరికీ ‘ఉర్దూ’ అని ఉంది. ఆ వీధిలో ఉర్దూ మాట్లాడేవారు నాలుగిళ్ళకు మించి లేరు. పేర్లు చూసి గణకుడు అడగకుండానే రాసేశాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు ఉర్దూ అనే చెప్పండి, ఉర్దూ బడులకు, ఉపాధ్యాయ పోస్టులకు ఆ సంఖ్యే ఆధారం. తెలుగు మాట్లాడేవారు తెలుగు అనే చెప్పండి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మూడవది, మన కళ్ళకే కనబడనివారు. ఊరి చివర గుడారాల్లో ఉండే ఫకీర్లు, గారడీవారు, వలసపోయిన తాపీ పనివారు, ఒంటరి వృద్ధ స్త్రీలు. వీరి వద్దకు గణకుడితో పాటు మనవారొకరు వెళ్ళాలి. ఇంట్లో మగవారు లేరని గణకుణ్ణి తిప్పి పంపవద్దు. మన అక్కచెల్లెళ్ళు తమ పేరు, వయసు, చదువు తామే చెప్పగలగాలి.

నాలుగవది, ఈసారి నమోదు సెల్‌ఫోనులో జరుగుతుంది. గణకుడు నమోదు చేసినదాన్ని చదివి వినిపించమని మర్యాదగా అడగండి. అది కలహం కాదు, జాగ్రత్త. ఆ ఫోను పట్టుకుని వచ్చేది కూడా ఎండలో తిరిగే ఒక చిన్న ఉద్యోగి. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి.

చివరిగా ఒక్క మాట. నేను దరఖాస్తు తిప్పి పంపిన ఆ అమ్మాయి పోయిన నెల మా ఇంటికి వచ్చింది. ఇప్పుడామె కుట్టుమిషను మీద కుటుంబాన్ని నడుపుతోంది. కొడుకు పదో తరగతి. పరీక్షల నామినల్ రోల్సులో కులమన్న చోట ఏమి రాయించాలో అడగడానికి వచ్చింది. “సార్, ఈసారి మీరే రాసివ్వండి, మళ్ళీ మీరే తిప్పి పంపకుండా” అంది నవ్వుతూ. ఆమె నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. నాకు చేతనైనంత గుండ్రంగా ‘దూదేకుల’ అని రాసిచ్చాను. ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి, పర్సులో పెట్టుకుంది.

ఆమె పోగొట్టుకున్నదాన్ని నేను తిరిగి ఇవ్వలేను. మన వాడలో మరొక పిల్ల దరఖాస్తు అలా తిరిగి రాకుండా చూడటం మాత్రం మనందరి చేతిలో ఉంది. అందుకు నేను ఇంటింటికీ రావడానికి సిద్ధం. మోకాళ్ళు సహకరించినంత దూరం నడుస్తాను. మీరూ నాతో రండి.

అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్. అస్సలాము అలైకుమ్.